పట్టణపు ఇంట కోడిపిల్లలు: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

గత సంవత్సరము దసరా సెలవుల అనంతరము మా మూడవ తరగతి బాలుడొకడు పుస్తకముల సంచిలో రెండు కోడిపిల్లలను దాచి తరగతికి తెచ్చెను. ఒకటి గులాబిరంగు, ఒకటి ఆకుపచ్చ. బెంగుళూరు వీధిలో బండివానియొద్ద కొన్నాడట. రెండు దినములు అవి గింజ ముట్టకున్నను చురుకుగా తిరుగాడెను. మూడవనాటి ఉదయమునకు రెండును చచ్చిపడియుండెను. తన చేతి దోషమేయని బాలుడు అన్నము సరిగా తినుటలేదని తల్లి వచ్చి మాతో చెప్పినది. ఈ వ్యాసమునకు కారణమదియే.

దోషము బాలునిది కాదు. గ్రుడ్లకొఱకు పెంచు జాతులలో పుంజుపిల్లలు వ్యాపారమునకు అక్కరకు రావు గనుక హేచరీలలో పుట్టిన దినముననే వానిని వేరుచేయుదురు. వానిలో కొన్ని రంగులద్దుకొని వీధులలో అమ్మకమునకు వచ్చును. గ్రుడ్డునుండి వెలువడుటకు ముందు పిల్ల పచ్చసొనను తన కడుపులోనికి తీసికొనును. ఆ నిలువతో రెండు మూడు దినములు తిండిలేకున్నను బ్రదుకగలదు. అందుచేతనే బండిమీద చలాకీగా కనబడును. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ నిలువ తీరును; తల్లికోడి రెక్కల వెచ్చదనమా లేదు.

పిమ్మట ఆ బాలునికొఱకు మేమే మూడు పిల్లలను తెప్పించి మా ఇంట పెంచితిమి. ఈసారి గంపను ముందు సిద్ధపరచితిమి. మొదటి వారము పిల్లకు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి కావలెను. తరువాత వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గింపవచ్చును. ఇందులకు పాతకాలపు 60 వాట్ల తీగబల్బు కావలెను. ఈనాటి ఎల్.ఇ.డి. దీపము వెలుగునిచ్చునేగాని చాలినంత వేడినీయదు. ఈ సంగతి తెలియక మేమును ఒక రాత్రి పొరబడితిమి. పిల్లలన్నియు దీపము క్రింద ఒకదానిపై నొకటి ముద్దగా చేరి కీచుమనినచో చలియని తెలియవలెను; దూరముగా పోయి నోరు తెరచి రొప్పినచో వేడి ఎక్కువైనదని తెలియవలెను. బల్బు గంపకుగాని ఊకకుగాని తగులరాదు.

క్రింద వార్తాపత్రిక పరచిన కాళ్లు జారి వంకరపోవును. గోనెపట్టాగాని వరి ఊకగాని మేలు. ఊక తడిసినచో వెంటనే మార్చవలెను. నీటి పళ్లెములో గులకరాళ్లు వేసిన పిల్ల మునుగదు. నూకలు మాత్రమే చాలవు. పిల్లల దాణా అంగడిలో దొరకును. మొదటి వారములోనే కొక్కెర తెగులునకు కంటిలోగాని ముక్కులోగాని చుక్కలమందు వేయింపవలెను. ముట్టినపుడెల్ల బాలురచేత సబ్బుతో చేతులు కడిగింపుడు. కోళ్లు హఠాత్తుగా చచ్చినచో ముట్టక పశువైద్యునకు తెలుపుడు.

జాతి విషయమున, బెంగుళూరులో రూపొందిన గిరిరాజ, హైదరాబాదులో రూపొందిన వనరాజ పెరటికి తగినవి. అద్దె యింటివారు యజమానిని, పురపాలక నియమములను ముందే విచారించుకొనుట మంచిది.

ఇక అసలు చిక్కు. మా మూడింటిలో ఒకటి పుంజయ్యెను. నాలుగు నెలలు దాటగనే తెల్లవారుజామున కూయసాగెను. ప్రక్కయింటివారు రెండు దినములు ఓర్చి మూడవనాడు తలుపు తట్టిరి. వారిది తప్పనలేము. కూరకు ఇచ్చివేయుమని కొందరు సలహా చెప్పిరి. ఆ మాట బాలుని యెదుటనే చెప్పిరి! పుంజైనచో ఏమి చేయుదుమో కొనుటకు ముందే బిడ్డతో మాటలాడియుండవలసినది. మేము మాటలాడలేదు. తుదకు దానిని కోలారు దగ్గరి మా బంధువుల పల్లెకు పంపితిమి. బాలుడు దాని కాలికి ఎఱ్ఱదారము కట్టి పంపెను. వేసవి సెలవులలో పోయి చూచి వచ్చెను.

పెట్టలు రెండును మాయొద్దనే యున్నవి. ఆరవ నెలలో గ్రుడ్లు పెట్టసాగెను. పుంజు లేకున్న గ్రుడ్లెట్లు పెట్టునని పలువురు తల్లులడిగిరి. పెట్టును, పొదిగినను పిల్లలు కావు, అంతియే. పెంకు గట్టిపడుటకు దాణాలో ఆల్చిప్పల పొడి కలుపుచున్నాము. గంపను, గూటిని చూడగోరువారు ఆదివారము ఉదయమున మా ఇంటికి రావచ్చును.