లినక్స్ పంపిణీ

చంద్రగిరి కోటలోని రాజమహలును రాయి, ఇటుక, సున్నములతో నిర్మించారు. ఆ సామగ్రి కుప్పగా పడి ఉంటే దానిని మహలు అనము. కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్స్ కేవలం కెర్నెల్. అనగా యంత్రభాగాలను, ప్రోగ్రాములను అనుసంధానించే కేంద్రభాగం. దానికి గ్నూ ఉపకరణాలను, ఇతర ప్రోగ్రాములను, వాటిని కంప్యూటరులో స్థాపించే విధానాన్ని జోడించి, అన్నీ పరస్పరం పొసగుతున్నవో లేదో పరీక్షించి, లోపాలను ఎప్పటికప్పుడు సవరిస్తూ అందించేదే ‘పంపిణీ’. దీనినే డిస్ట్రిబ్యూషన్ అని వ్యవహరిస్తారు. 1993లో ఆరంభమైన డెబియన్ ఇటువంటిదే.

ఒక పంపిణీ నుండి మరొకటి జన్మించవచ్చు. మూలసంకేతాన్ని చదివే, మార్చే, పంచే హక్కును లైసెన్సే ప్రసాదిస్తుంది. ఆ హక్కుతోనే, డెబియన్ ఆధారంగా, సీ-డాక్ సంస్థ ‘బాస్’ను, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించాయి. తెరపై బొమ్మ మార్చినంత మాత్రాన పంపిణీ అనే పేరు సార్థకం కాదు. తెలుగు లిపిని, కీబోర్డును, అనువదించిన మెనూలను చేర్చి, వాటి బాగోగులు చూచే బాధ్యతను కూడా వహించాలి.

మన భాషలో కంప్యూటరు కావాలని ఎవరినీ అర్థించనక్కరలేదు. హక్కు మన చేతిలోనే ఉన్నది, పూనుకొనేవారే కావాలి.