పాత ఫ్లాట్ కొంటున్నారా? ముందు నేల సంగతి చూడండి

హైదరాబాద్‌లో పురానాపూల్ చుట్టుపక్కల జియాగూడ, హుస్సేనీ ఆలం వైపు వెళ్తే ముప్పై ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. ఊరి నడిబొడ్డు, ధరా తక్కువ. కొనడంలో తప్పు లేదు. కాకపోతే ఆ భవనాన్ని ఏదో ఒక రోజు పడగొట్టక తప్పదు. అప్పుడు మీకు మిగిలేది నేలలో వాటా ఒక్కటే. బేరం దాన్ని చూసి ఆడాలి.

సేల్ డీడ్‌లో చివరి షెడ్యూల్ పేజీ తీయండి. అవిభాజ్య వాటా ఎన్ని గజాలో అక్కడ రాసి ఉంటుంది. స్థలం 300 గజాలు, ఫ్లాట్లు పన్నెండు, ఒక్కొక్కరికి 25 గజాలు అనుకుందాం. లెక్క సరిపోయింది. తర్వాత బిల్డర్ పైన పెంట్‌హౌస్ వేసి దానికీ 25 రాసిస్తే మొత్తం 325 అవుతుంది. లేని నేలను అమ్మినట్టే. అందుకే పక్క ఫ్లాట్ల డాక్యుమెంట్ల నకళ్లు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించి కూడండి.

పాతబస్తీలో అసలు చిక్కు వారసులతోనే. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశాం, ఏమీ లేదు అని ధీమాగా ఉండొద్దు. రిజిస్టరైన కాగితాలే ఈసీలో కనిపిస్తాయి. ముస్లిం కుటుంబాల్లో నోటిమాటగా ఇచ్చిన హిబా (దానం) కూడా, స్వాధీనం అప్పగిస్తే చెల్లుతుంది. అది ఈసీకి ఎక్కదు. తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకు వాటాలో సగం వస్తుంది. అక్కచెల్లెళ్లు ఎప్పుడో వదులుకున్నారని అమ్మేవాళ్లు అంటే రిజిస్టరైన హక్కు విడుదల పత్రం చూపించమనండి. లేకపోతే వాళ్లనూ సంతకానికి పిలిపించండి. హిందూ కుటుంబాల్లోనూ ఆడపిల్లల సంతకాలు వదిలేయకూడదు.

స్థలం వక్ఫ్‌దో, దేవాదాయ శాఖదో అయితే ఎన్ని చేతులు మారినా గండమే. నిషేధిత ఆస్తుల 22-ఎ జాబితా చూడండి. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డులోనూ విచారించండి. నోటరీ కాగితం మీద, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొన్న ఇల్లు మీ సొంతం కాదు. జీపీఏతో యాజమాన్యం మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ప్లాన్‌లో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, మీరు కొనేది ఎన్నో అంతస్తో పోల్చండి. 2015 నాటి భవనాల క్రమబద్ధీకరణ పథకం బీఆర్‌ఎస్‌కు దరఖాస్తు చేశామని రసీదు చూపిస్తారు. రసీదు క్రమబద్ధీకరణ కాదు, ఉత్తర్వు కావాలి. చేతిలో డబ్బున్నా బ్యాంకు లోన్‌కు పెట్టండి. వాళ్ల లాయరు కాదన్నాడంటే కారణం కనుక్కోండి.

ఈ ప్రాంతాలు మూసీ నది దగ్గరే కదా. 2012 నాటి జీవో 168 ప్రకారం నగర పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు బఫర్. పాత భవనం అక్కడ నిలిచి ఉన్నా, దాన్ని పడగొట్టి మళ్లీ కట్టుకోవడానికి అనుమతి దొరక్కపోతే మీ గజాల విలువ ఏముంటుంది? 2024లో మూసీ ఒడ్డున ఇళ్ల మీద ఎర్ర గుర్తులు పడ్డప్పుడు ఆ కుటుంబాలు పడ్డ ఆందోళన అందరం చూశాం.

జపాన్ నగరాల్లో పాత ఫ్లాట్ చూసేవాళ్లు 1981లో మారిన భూకంప నిబంధనలకు ముందు కట్టిందా అని అడుగుతారు. మరమ్మతుల నిధిలో ఎంత జమైందో కూడా చూస్తారు. మనం ఆ రెండో సంగతి అసలు అడగం. సొసైటీ రిజిస్టరైందా, ఖాతాలో ఎంతుంది, మెయింటెనెన్స్ ఎవరు బాకీ? పాస్‌బుక్ అడిగి చూడండి. స్లాబు పెచ్చులూడి చువ్వలు తుప్పు పట్టి కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లండి. ఆ ఫీజు దగ్గర పొదుపు వద్దు. శిథిల భవనమని జీహెచ్‌ఎంసీ నోటీసు ఏదైనా వచ్చిందేమో అడగండి. ఇంటి పన్ను బకాయి ఆస్తి మీదే ఉంటుంది, అది మీ నెత్తిన పడుతుంది.

2017కు ముందు అనుమతి పొంది పూర్తయిన భవనాలకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రక్షణ ఉండదు. మీకు ఆధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షన్. తనకు తెలిసి, మామూలుగా చూస్తే మీకు కనబడని లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. అయినా సివిల్ కోర్టులో ఏళ్లు పట్టే పని అది. కాబట్టి హక్కులో తేడా వస్తే సొమ్ము వాపసిచ్చి, నష్టపరిహారం కడతామని అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. పత్రికలో ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలకు గడువు ముగిశాకే పెద్ద మొత్తం అడ్వాన్స్ ఇవ్వండి.