ఒంటి తీగతోనే కివీ కాపు: చలి ప్రాంతాల్లో పెరటి సాగు

తాడి, ఆకాకరల్లో లాగే కివీలోనూ ఆడ, మగ తీగలు వేరు. ఆడ పూలలో కేసరాలు కనిపిస్తాయి కానీ వాటి పుప్పొడికి పిందె కట్టించే శక్తి ఉండదు. బజారులో దొరికే 'హేవార్డ్' పండు కాయాలంటే పక్కన మగ తీగ తప్పనిసరి. పెద్ద తోటల్లో ఎనిమిది ఆడ తీగలకు ఒక మగ తీగ చొప్పున నాటుతారు. ఒక్క పందిరికే చోటున్న పెరట్లో, కాయని తీగకు సగం జాగా వదలడం ఎవరికైనా కష్టమే. తన పుప్పొడితో తానే కాసే స్వపరాగ రకాలు ఈ ఇబ్బందిని తీరుస్తాయి. అయితే అవి తీర్చేది ఈ ఒక్క ఇబ్బందినే. చలి, నేల, కత్తిరింపు సరిగా కుదరకపోతే స్వపరాగ తీగ కూడా ఆకులతోనే సరిపెడుతుంది.

మీ ఊరికి పనికొస్తుందా?

కివీ శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోయే తీగ. హేవార్డ్ లాంటి రకాలకు 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి సుమారు 700 గంటలైనా అందాలి. అది అందకపోతే వసంతంలో మొగ్గలు సరిగా విచ్చవు, పూత రాదు. బెంగళూరు లాల్‌బాగ్‌లో 1960లో నాటిన కివీ తీగలు చలి చాలకే కాయలేదు. 1963లో సిమ్లాలో నాటినవి మాత్రం 1969లో కాపుకొచ్చాయి.

కాబట్టి హైదరాబాద్, విజయవాడ మిద్దెతోటల వారు 'స్వపరాగం' అన్న మాట చూసి కివీ మొక్క కొనకండి. లంబసింగిలో కొన్ని రాత్రులు ఎముకలు కొరికినా, పగటి ఎండకు ఆ చలి నిలవదు. పందిరి మీద పండ్ల తీగే కావాలనుకుంటే ద్రాక్ష వేయండి. చింతపల్లి, అరకు వైపు వారికి ఊదారంగు ప్యాషన్ ఫ్రూట్ నయం. అది కూడా ఒంటి తీగతోనే కాస్తుంది.

సియాటిల్, లండన్, న్యూజెర్సీ లాంటి చోట్ల ఇల్లు, పెరడు ఉన్న మన వాళ్లకు మాత్రం కివీ చక్కగా సరిపోయే పంట. కింది సూచనలు వారికోసమే.

రకం ఎంపిక

స్వపరాగ రకాల్లో 'జెన్నీ' మనకు తెలిసిన నూగు కివీయే. కాయ హేవార్డ్ కన్నా చిన్నది. నాటిన మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది. 'ఇస్సాయ్' జపాన్ రకం. దాని కాయలు పెద్ద ద్రాక్షపండంత ఉంటాయి. నూగు ఉండదు కాబట్టి తొక్కతోనే తినవచ్చు. తీగ పొంకంగా పెరుగుతుంది, కాపు కూడా ముందే వస్తుంది. న్యూజెర్సీ లాంటి గడ్డుచలి ప్రాంతాలకు ఇస్సాయ్ మేలు. చలి ఓ మోస్తరుగా ఉండే చోట రెండూ పనికొస్తాయి.

నాటడం

మార్చి చివరి నుంచి మే లోపు, మీ ఊళ్లో గడ్డమంచు కురిసే రాత్రులు ముగిశాక నాటండి. దక్షిణానికి చూసే గోడ పక్కన అయితే ఎండా దొరుకుతుంది, గాలి దెబ్బా తప్పుతుంది. ఉదజని సూచిక 5.5–6.5 ఉన్న నేల మంచిది. నీరు నిలిస్తే వేరు కుళ్లు ఖాయం. బంకమట్టి అయితే అడుగెత్తు కట్ట పోసి దాని మీద నాటాలి. గుంతలో బాగా చివికిన పశువుల ఎరువు చాలు, రసాయన ఎరువు వేయకండి, లేత వేర్లు మాడిపోతాయి.

పిల్లులకు కివీ ఆకుల వాసనంటే మహా ఇష్టం. లేత మొక్కను నమిలి, మొదలు దగ్గర పొర్లి విరిచేస్తాయి. నాటిన రోజే చుట్టూ ఇనుప జాలీ కట్టండి.

పందిరి, కత్తిరింపు

ఆరడుగుల ఎత్తున గట్టి తీగలు లాగి పందిరి కట్టాలి. ఒక్క కాండాన్నే ఊతకర్ర వెంట నిటారుగా పైకి తీసుకెళ్లండి, కర్రకు చుట్టుకోనివ్వకండి. పందిరి అందగానే కొన తుంచి, రెండు వైపులా రెండు చేతులు పారించండి. వాటి మీద అడుగున్నర దూరానికో పక్కకొమ్మ ఉంచితే చాలు.

కివీలో పూత కొత్త రెమ్మలకే వస్తుంది. ఆ రెమ్మలు నిరుటి కొమ్మల మొగ్గల నుంచి పుట్టాలి. కొత్త రెమ్మను దగ్గరగా చూస్తే, మొదటి కొద్ది ఆకుల కణుపుల్లోనే పూమొగ్గలు కనిపిస్తాయి. కాయ కాసిన కణుపులో మళ్లీ మొగ్గ పుట్టదు. అందుకే వేసవిలో చివరి పిందె తర్వాత ఐదారు ఆకులు ఉంచి కొన కోయాలి. కోత అయ్యాక, డిసెంబరు–జనవరిలో కాయలున్న చోటు దాటి రెండు మూడు మొగ్గలు వదిలి కత్తిరించాలి. వచ్చే ఏటి కాపు ఆ మొగ్గల్లోనే ఉంటుంది. మూడేళ్లు కాసిన కొమ్మను మొదటికంటా తీసేసి కొత్తదానికి చోటివ్వండి. శీతాకాలపు కత్తిరింపు ఆలస్యం చేయకండి. రసం ఎక్కాక కోస్తే గాయం నుంచి నీరు రోజుల తరబడి బొట్లు కారుతుంది.

పూత, నీరు

పూత మే–జూన్‌లో వస్తుంది. కివీ పూలలో తేనె ఉండదు, తేనెటీగలు వేరే పూలవైపు పోతాయి. అందుకే మెత్తని కుంచెతో ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వు కీలాగ్రాలకు అద్దండి. కాయలో గింజల సంఖ్య పెరిగేకొద్దీ కాయ సైజు పెరుగుతుంది. పక్కింట్లో మగ తీగ ఉంటే మీ స్వపరాగ తీగకూ లాభమే.

ఆకులు పెద్దవి, వేర్లు పైపైనే ఉంటాయి, కాబట్టి జూన్ నుంచి ఆగస్టు దాకా తడి ఆరనివ్వకూడదు. పాదులో ఎండుగడ్డి పరిచి, మొదలుకు తగలకుండా జానెడు ఎడం వదలండి. పొడి వేడిలో ఇస్సాయ్‌కి ఎర్రనల్లి పడుతుంది. ఆకు అడుగున నీళ్లు గట్టిగా చిమ్మితే అదుపులోకి వస్తుంది.

కోత

అక్టోబరులో జెన్నీ కాయ ఒకటి కోసి చూడండి. గింజలు నల్లబడి ఉంటే కోతకు సిద్ధమైనట్టు. గట్టి మంచు పడకముందే అన్నీ దింపేయండి. కాయ గట్టిగానే ఉంటుంది, తీగ మీద మెత్తబడే దాకా ఆగకండి. ఫ్రిజ్‌లో ఉంచి, కావలసినన్ని అరటిపండుతో కలిపి కాగితపు సంచిలో మాగబెట్టుకోవచ్చు. ఇస్సాయ్ కాయలు మెత్తబడ్డాక కోసి వెంటనే తినేయాలి. పచ్చి కివీ ముక్కలు కలిపిన పెరుగు కాసేపటికి చేదెక్కుతుంది, కాబట్టి తినే ముందే కలుపుకోండి.

నర్సరీకి వెళ్లే ముందు మీ ఊరి శీతాకాలపు ఉష్ణోగ్రతలు చూసుకోండి. కొనేటప్పుడు మొక్క చీటీ మీద రకం పేరు, స్వపరాగ రకమన్న సంగతి రెండూ ఉన్నాయో లేదో చదవండి. పేరులేని కివీ మొక్క ఆడదో మగదో పూత వచ్చేదాకా తేలదు.