రానిది లెక్కా, భాషా?

1000 కంటే తక్కువ సంఖ్యల్లో 3కు గానీ 5కు గానీ గుణిజాలైనవన్నీ కూడితే ఎంత? బడి పిల్లలు చేయగల లెక్కే. పైథాన్ వచ్చినవాళ్లకు నిమిషాల పని. అదే టీసీఎల్‌లో చేయమంటే మాత్రం చెయ్యి ఆగుతుంది. 1988లో బర్క్లీలో జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించిన ఈ స్క్రిప్టింగ్ భాషకు ప్రతిదీ అక్షరాల వరుసే. ఒక పేరు కింద 3+4 దాచమంటే 7ను కాదు, ఆ మూడు గుర్తులనే దాచుకుంటుంది. లెక్క కట్టమని విడిగా చెప్పాలి. ఒక ఫ్లవర్ బ్రాకెట్ మూసి మరొకటి తెరిచేటప్పుడు మధ్యలో ఖాళీ వదలకపోయినా ఒప్పుకోదు. బాసర ట్రిపుల్ ఐటీలోనో, జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీలోనో చేరిన మన పిల్లలు ఒక్కసారైనా ఇలాంటి పని చేసి చూడాలని నా కోరిక. తమకు రానిదేమిటో కచ్చితంగా పట్టుకోవడం అక్కడ అలవడుతుంది.

ఎందుకంటే ఈ పనిలో తప్పులు రెండు రకాలు. ఖాళీ మరిచిపోతే ప్రోగ్రాం నడవదు. అది భాష తెలియని తప్పు, చూసి దిద్దుకోవచ్చు. మరోసారి ప్రోగ్రాం చక్కగా నడిచి 266333 అని చూపిస్తుంది. 3 గుణిజాల మొత్తం 166833, 5 గుణిజాల మొత్తం 99500, రెండూ కలిపితే అంతే మరి. కానీ 15, 30, 45 లాంటి 66 సంఖ్యలు రెండు వైపులా లెక్కకొచ్చాయి. వాటి మొత్తం 33165 తీసేస్తేనే సరైన జవాబు, 233168. ఈ తప్పు పైథాన్‌లోనూ జరుగుతుంది, కాగితం మీదా జరుగుతుంది. అయినా రెండు చోట్లా మనసు ఒకే మాట అంటుంది: నాకు రాదు. అసలు నష్టం అక్కడే. 2008లో మొదలైన బాసర విద్యాలయానికి సర్కారు బడుల్లో పదో తరగతి బాగా పాసైన పల్లె పిల్లలే ఎక్కువగా వస్తారు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లిష్ పాఠంలో వాక్యం అర్థం కాకపోతే, తమకు గణితమే అందదనుకునే ప్రమాదం ఉంది. ఉట్నూరు వైపు ఇంట్లో గోండి మాట్లాడే పిల్లలకు ఇదే కష్టం ఒకటో తరగతిలో, తెలుగు రూపంలో ఎదురవుతుంది.

పాత భాషతో ఉద్యోగం వస్తుందా అని అడగొచ్చు. చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్లను నేటికీ టీసీఎల్ స్క్రిప్టులతోనే నడిపిస్తారు. కానీ నా వాదన దానిమీద నిలబడలేదు, 1977 నాటి ఆక్ భాషైనా ఇదే మేలు చేస్తుంది. ఏఐని అడిగితే క్షణంలో రాసిస్తుంది కదా అంటారు. రాసిస్తుంది. కానీ మనకు కావలసింది జవాబు కాదు, ఎక్కడ ఆగిపోయామో తెలియడం. ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది: భాషనూ ఆలోచననూ ఇంత తేలిగ్గా విడదీయగలమా? పూర్తిగా విడదీయలేం. భాష కష్టం నిజమైన కష్టమే, దానికి సమయం కావాలి, ఓపికున్న టీచర్ కావాలి. అయితే రెండింటికీ మందు ఒకటి కాదు. ఇంగ్లిష్ వాక్యం దగ్గర ఆగిన విద్యార్థికి ఎన్ని లెక్కలు చేయించినా లాభం లేదు. 266333 దగ్గర ఆగిన విద్యార్థి ఎన్ని మాన్యువళ్లు తిరగేసినా లాభం లేదు, కంప్యూటర్ పక్కనపెట్టి కాగితం మీద 15 గుణిజాలు రాసుకోవాలి.