మోషే మోసిన పసివారు

పఠనము: సంఖ్యాకాండము 11:4-17

మన్నా విసుగు పుట్టెనని, ఐగుప్తులోని కీరకాయలను, తెల్లగడ్డలను తలంచుకొని ఇశ్రాయేలీయులు తమ గుడారముల ద్వారములయొద్ద ఏడ్చిరి. పెట్టిన పళ్లెమును ప్రక్కకు నెట్టు బిడ్డను ఎరిగిన తలిదండ్రులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు.

ఈ జనులను కన్నతల్లిని తాను కానని మోషే దేవునికి మొరపెట్టెను, మరణమునే కోరెను. అచ్చట అతడు వాడిన హెబ్రీ పదము ‘ఓమేన్’. పసిబిడ్డను ఎత్తుకొని పెంచువాడని దాని భావము. ‘ఆమేన్’ అను మాటయు ఆ ధాతువునుండియే పుట్టినది. బిడ్డను మోయుటయు ప్రార్థనయే.

దేవుడు మోషేను గద్దింపలేదు, ఓర్చుకొమ్మనియు చెప్పలేదు. భారము పంచుకొనుటకు 70 మంది పెద్దలను ఏర్పరచెను. కావున అలసిన తల్లి సహాయము అడుగుట అవిశ్వాసము కాదు. సంఘములోని పెద్దలు ఒక్క సాయంకాలమైనను ఆమె బిడ్డను ఎత్తుకొందురు గాక.

ప్రార్థన: ప్రభువా, అలసిన తలిదండ్రులకు ఈ రాత్రి నిద్రను, రేపు తోడ్పడు చేతులను దయచేయుము. ఆమేన్.