తరుగు నిధి, తిరిగి వచ్చు నిధి

ప్రకృతి మనకొసగిన సంపద రెండు విధములు. వాడిన పిమ్మట మరల రానిది ఒకటి. వాడినను మరల సమకూరునది వేరొకటి. మొదటిదానికి సింగరేణి బొగ్గును, రెండవదానికి మన బావులలోని నీటిని ఉదాహరణముగా గైకొందము.

1871లో డాక్టర్ కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలైనది. పాతిక కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవులు నేలలో కూరుకొనిపోయి బొగ్గుగా మారినవి. కొత్తగూడెమునందో రామగుండమునందో ఒకసారి మండిన బొగ్గు మరల బొగ్గు కాదు. ఇది అందరెరిగినదే గనుక హెచ్చు చెప్పబనిలేదు.

చిక్కంతయు నీటితోనే. ఏటేట వాన కురియును గదా, నీటికి తరుగెక్కడిదని మనలో పెక్కురు తలంతురు. లెక్క చూతము. ఎకరము నేలపై ఒక సెంటీమీటరు వాన పడిన, అది ఇంచుమించు 40 వేల లీటర్ల నీరు. అనంతపురము ప్రాంతమున ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వాన పడును. గట్టిరాతి నేలలలో అందు పదవవంతు ఇంకిన గొప్ప. తక్కినది ఆవిరియై, పైరు పీల్చుకొనగా, వాగుల వెంట పోవును. అనగా భూమిలో చేరునది అయిదారు సెంటీమీటర్లు. వరిమడికో, సుమారు 120 సెంటీమీటర్లు కావలెను. ఇరువది ఎకరములలో ఇంకిన వానను ఒక్క ఎకరపు వరి త్రాగుచున్నదన్నమాట! మడినుండి కొంత నీరు మరల ఇంకుననుట నిజమే. అందువలన లోటు తగ్గునే గాని తీరదు.

మన తాతలు మోట కట్టిన బావి పైపొరలోని నీటితోనే నిండెడిది. అది ఎండిన మోట ఆగెడిది. వాన పడిన మరల ఊరెడిది. బోరు అట్లు కాదు. వందల అడుగుల లోతున, రాతి పగుళ్లలో ఏండ్ల తరబడి చేరిన నీటిని కొలది వేసవులలో తోడివేయును. అట్టి నీరు పేరునకు నీరే గాని తీరున బొగ్గే.

ఒక బోరు ఎండగా రెండవది, అదియు ఎండగా మూడవది వేయించి అప్పులపాలైన కుటుంబములను మేము పెక్కు గ్రామములలో చూచితిమి. నేరము వారొక్కరిదే యనజాలము. పొరుగు బోరు లోతైనకొలది మన బోరు అడుగంటును, నీరు గట్లెరుగదు. అందుచేతనే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్లలోపల అనుమతి లేక క్రొత్త బావి త్రవ్వరాదని విధించినది.

బోరు వేయింపదలచిన రైతు సోదరులు ముందుగా ఒక త్రాడుకు రాయి కట్టి, ఊరి బావిలో నీరు వైశాఖమున ఎంత లోతున నున్నదో, దీపావళినాటికి ఎంత పైకి వచ్చినదో కొలిచి వ్రాసియుంచవలెను. రెండేండ్ల కొలతలు చేతనున్నచో, ఈ రబీలో మడి కట్టవలెనో, రాగియో వేరుసెనగయో వేయవలెనో వారికే తేటపడును.