విద్యుత్ చట్టాలు – రైతు – రాయితీ

విద్యుత్తుపై చట్టం చేయు అధికారం ఎవరిది? మన రాజ్యాంగం దీనిని ఉమ్మడి జాబితాలో 38వ అంశంగా చేర్చినది. కావున పార్లమెంటు, రాష్ట్ర శాసనసభ రెండును ఇందుపై చట్టములు చేయవచ్చును. రాష్ట్రముల విద్యుద్విధానం పలుమార్లు మార్పునకు లోనగుటకు ఇది ఒక ముఖ్యకారణం.

1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్రములలో విద్యుత్ బోర్డుల స్థాపనకు మార్గం వేసినది. ఆంధ్రప్రదేశ్ బోర్డు 1959లో ఏర్పడినది. ఉత్పత్తి, ప్రసారం, పంపిణీ మూడును ఆ సంస్థవే. ధర నిర్ణయంలో ప్రభుత్వం మాటయే చెల్లినది. 1980వ దశకంలో వ్యవసాయ పంపుసెట్లకు మీటరుతో పనిలేక అశ్వశక్తిని బట్టి రుసుము వసూలు చేసిరి. రైతుకు మేలు జరిగిన మాట నిజం. కాని ఆ మేలు విలువ ఎంతో లెక్కలలో స్పష్టముగా కనిపింపలేదు.

ఒడిశా 1995లో తొలి సంస్కరణ చట్టం చేయగా, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1998లో అట్టి చట్టమునే ఆమోదించినది. 1999 ఫిబ్రవరి 1న బోర్డు స్థానంలో ఉత్పత్తికి జెన్‌కో, ప్రసారానికి ట్రాన్స్‌కో వెలసినవి. పంపిణీ సంస్థలు పిమ్మట వచ్చినవి. ధర నిర్ణయించు బాధ్యత విద్యుత్ నియంత్రణ మండలికి సంక్రమించినది. 2000 సంవత్సరంలో చార్జీలు పెరుగగా రాష్ట్రమంతట ఆందోళన చెలరేగినది. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పులలో ఆందోళనకారులు ప్రాణములు కోల్పోయిరి. ధరల పట్టిక ప్రజాజీవితమును ఎంతగా తాకునో ఆ దినం చాటినది.

2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టంలోని 65వ సెక్షను విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపవలసినది. ఏ వర్గమునకైనను ధర తగ్గింపదలచిన రాష్ట్ర ప్రభుత్వం ఆ సొమ్మును ముందుగానే చెల్లింపవలెను. యూనిట్ సరఫరాకు 6 రూపాయలు ఖర్చగుననియు, రైతు ఏమియు చెల్లింపడనియు అనుకొందము. అప్పుడు ఆ 6 రూపాయలు ప్రభుత్వ ఖజానా నుండి రావలెను. అనగా ఉచిత విద్యుత్తును చట్టం నిషేధింపలేదు. దాని ఖర్చు ఎవరు భరింతురో చెప్పుమన్నది. 2004 మే 14న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రంపై సంతకం చేసిరి. తెలంగాణ రాష్ట్రం 2018 జనవరి 1 నుండి 24 గంటల ఉచిత సరఫరా ప్రారంభించినది.

2020లో కేంద్రం ప్రకటించిన సవరణ ముసాయిదా, రాయితీని వినియోగదారునికే నేరుగా చెల్లింపవలెనన్నది. ముందు బిల్లు కట్టి పిదప సొమ్ముకై వేచియుండవలసి వచ్చునని రైతులు భయపడిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దీనికి వ్యతిరేకముగా తీర్మానించినది. 2022 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన మరొక సవరణ బిల్లు స్థాయీ సంఘమునకు వెళ్లి, ఆ సభ కాలం ముగియుటతో 2024లో రద్దయినది.

ఇన్ని మార్పుల నడుమను కొలత సమస్య తీరలేదు. మీటరు లేనిచోట వ్యవసాయ వినియోగమును కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల లెక్కలను బట్టి అంచనా వేయుదురు. అంచనా మించినచో, తీగలలో పోయిన విద్యుత్తు, చౌర్యమునకు గురియైన విద్యుత్తు కూడ రైతు పేరనే జమపడును. నింద అతనికి, భారం ప్రజలకు. మీటరు పెట్టిన మరునాడే బిల్లు వచ్చునను రైతు శంకయు నిర్హేతుకం కాదు. కావున కొలత ప్రభుత్వం చెల్లింపవలసిన మొత్తమును నిర్ణయించుటకే గాని రైతు నుండి వసూలు చేయుటకు కాదను హామీని చట్టమే ఈయవలెను.

మన కళాశాలలోని రెండు భాషలను ఎరిగినవారికి ఒక విశేషం తోచును. ‘రైతు’, ‘రాయితీ’ అను మాటలు రెండును ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చినవి. రెండింటికి మూలం ఒకే అరబీ ధాతువు. కాచుట, సంరక్షించుట అని దాని అర్థం. ఆ అర్థమును బట్టి చూచిన రాయితీ భిక్ష కాదు, సంరక్షణ బాధ్యత. బాధ్యత గలవాడు లెక్క చెప్పవలెను. ఆ లెక్కను అడుగుటకు నియంత్రణ మండలి జరుపు బహిరంగ విచారణలో ఏ పౌరుడైనను పాల్గొని తన అభ్యంతరం తెలుపవచ్చును. చదువుకొన్న యువకులు ఆ పని చేసిననాడే ఈ చట్టముల ప్రయోజనం పొలము గట్టుకు చేరును.